ఊట దొరికితే చరిత్ర దొరికినట్టే



కొండల్లో తిరుగుతుంటే ఎండిన బండల నడుమ ఒకచోట నీళ్ళు ఊరుతూ కనిపిస్తాయి. కొత్త ఊట కనిపెట్టామని సంబరంగా ఫోటో తీసుకుంటాం. అది మనకు కొత్త, మన ముత్తాతలకు కాదు. ఎర్రమంచి, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం వానలు బాగా తక్కువగా పడే సీమ. ఇక్కడ నీటి జాడ తెలిసినవాళ్ళే బతికి బట్టకట్టారు.

ఊట ఎలా పుడుతుంది? వాన నీరు బండల పగుళ్ళలోకి దిగుతుంది. కింద పగుళ్ళు లేని గట్టి రాయి అడ్డుపడితే పక్కకు పాకి, వాలులో బయటపడుతుంది. భూమి లోపలి నుంచి వస్తుంది కాబట్టి చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా తగులుతుంది.

మన వైపు అన్నిటికన్నా విచిత్రమైన ఊట తాడిపత్రిలో ఉంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయంలో లింగం అడుగునే నీరు ఊరుతుంది. బుగ్గ అంటే ఊటే. విజయనగర కాలంలో దాన్ని పూడ్చకుండా, దాని మీదే గుడి కట్టారు.

పెనుకొండ లాంటి నగరానికి ఊటలు చాలలేదు. 1388లో ప్రతాప బుక్కరాయలు పెనుకొండకు నీరు తేవాలని ఆజ్ఞాపిస్తే, జలవిద్యలో ఆరితేరిన సింగయభట్టు పెన్న నుంచి సిరువెర చెరువుకు కాలువ తెచ్చాడని శాసనం చెబుతోంది.

రాజుల కాలువకు శాసనం ఉంది. మన పెద్దల ఊటలకు లేదు. సుగాలీలు వందల ఎద్దుల మీద, ఎరుకల వాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగారు. 1791–92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్ళిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం చేరవేసింది బంజారాల ఎద్దులే. అన్ని ఎద్దులు మజిలీ చేయాలంటే ముందు నీళ్ళు ఉండాలి. ఏ గుట్ట కింద ఏ నెల దాకా నీళ్ళు ఉంటాయో తెలియకుండా ఆ బతుకు సాగదు. తరువాత రైళ్ళు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. తిరిగే గుంపులు తండాల్లో స్థిరపడ్డాయి. నీటి దారులు మాత్రం పెద్దల జ్ఞాపకంలోనే ఉండిపోయాయి.

ఆ తరువాత బోర్లు పెరిగాయి. భూగర్భజలం కిందికి పోయేకొద్దీ ఊటలు ఎండుతాయి. బోర్లకు అదుపు ఉండాలనే 2002లో వాల్టా చట్టం వచ్చింది. ఇప్పుడు హంద్రీనీవా ద్వారా కృష్ణా నీళ్ళు గొల్లపల్లి జలాశయానికి చేరుతున్నాయి. 2019లో ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు రావాలి, అందులో సందేహం లేదు. కానీ తాత పోతే ఆయనకు తెలిసిన ఊట పేరు కూడా పోతుంది. దాన్ని ఏ కాలువా తిరిగి తేలేదు.

అందుకే ఒక పని చేయండి. ఈ వేసవిలో తండాలోని ఒక అవ్వనో తాతనో అడిగి, దారి తెలిసిన పెద్దవాళ్ళతో కలిసి ఆ ఊట దగ్గరికి వెళ్ళండి. దాని పేరు, ఆ పేరు ఎందుకు వచ్చిందో, ఏ నెల దాకా పారుతుందో, బిందె నిండడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నోటుపుస్తకంలో రాయండి. పరీక్ష చేయించకుండా ఆ నీళ్ళు తాగకండి, చుట్టూ ప్లాస్టిక్ పారేయకండి. వచ్చే ఏడు అదే నెలలో మళ్ళీ వెళ్ళి కొలవండి. మన వాళ్ళ నీటి చరిత్రకు మొదటి శాసనం మీ చేతిరాతే అవుతుంది.