జ్యూరీలో కూచునేదెవరు?

ప్రభుత్వంలో అవినీతికి మందు జ్యూరీ విచారణేనని కొందరు మిత్రులు వాదిస్తుంటారు. ఒక్క జడ్జినయితే కొనొచ్చు, లాటరీలో వచ్చిన పన్నెండు మంది మామూలు మనుషుల్ని కొనడం కష్టం. కాబట్టి మంత్రి తిన్నాడా, ఆఫీసరు తిన్నాడా అన్నది ప్రజలే తేల్చాలి అంటారు. మేం దీన్ని కొట్టిపారెయ్యం. కానీ 'ప్రజలు' అన్న మాట వినబడగానే వాడ నుంచి ఒక ప్రశ్న లేస్తుంది. ఏ ప్రజలు? ఈ దేశంలో జ్యూరీ మూడొందల ఏళ్లు ఉండి పోయింది. ముందు ఆ చరిత్రను చూడాలి.

ఆ కథ మద్రాసులో మొదలవుతుంది. 1665లో సెయింట్ జార్జి కోటలో ఆసెన్షియా డాస్ అనే ఆవిడ తన దగ్గరున్న బానిస పిల్లను చంపిందని నేరం మోపారు. అటువంటి కేసు విచారించే అధికారం తమకుందా అని కోటలోని వాళ్లకే అనుమానం వచ్చి లండన్‌లో కంపెనీకి రాశారు. కంపెనీ ఫాక్స్‌క్రాఫ్ట్‌ను గవర్నరు చేసి ఆ అధికారం ఇచ్చింది. ఆరుగురు ఇంగ్లీషువాళ్లు, ఆరుగురు పోర్చుగీసువాళ్లు జ్యూరీగా కూచున్నారు. హత్యే కానీ ఆరోపణలో చెప్పిన పద్ధతిలో జరగలేదని మొదట అన్నారు. తీర్పు సరిగ్గా చెప్పండని మళ్లీ పంపితే నిర్దోషి అని వచ్చి చెప్పారు. చచ్చిన పిల్ల వైపు మనిషి ఆ పన్నెండు మందిలో ఒక్కడూ లేడు. మన దేశంలో జ్యూరీకి పునాది ఇది.

తర్వాత కూడా తెల్లవాళ్లు దీన్ని తమ జాతి హక్కుగానే కాపాడుకున్నారు. 1883లో ఇల్బర్ట్ బిల్లు మీద పెద్ద గోల చేసి, 1884 చట్టంలో తమ మీద కేసొస్తే జ్యూరీలో సగం మందికి తగ్గకుండా యూరోపియన్లో అమెరికన్లో ఉండాలని రాయించుకున్నారు. తోటివాడు తీర్పు చెప్పాలన్న సూత్రం విలువ వాళ్లకు బాగా తెలుసు. మనవాళ్లకు ఆ సూత్రం ఎక్కడ అందింది? 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ఏ జిల్లాలో, ఏ నేరాలకు జ్యూరీ ఉండాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. జాబితా సెషన్స్ జడ్జి, కలెక్టరు కలిసి తయారుచేస్తారు. మగవాళ్లకే చోటు, అందులోనూ ఆ ఇద్దరి దృష్టిలో యోగ్యులైనవాళ్లకే. హైకోర్టు స్పెషల్ జ్యూరీకైతే ఆస్తి, నడవడి, చదువు చూడాలన్నారు. కులం మాట అందులో రాయాల్సిన పనే లేదు. భూమీ బడీ లేకుండా చేసిన జనాన్ని బయట ఉంచడానికి ఆ మూడు మాటలు చాలు.

నానావతి కేసుతో జ్యూరీ పోయిందని అందరూ చెప్పే కథ. బొంబాయిలో 1959లో ఆ నౌకాదళ అధికారిని జ్యూరీ 8-1తో నిర్దోషి అన్న మాట నిజమే. కానీ జ్యూరీని తీసెయ్యమని లా కమిషన్ 1958లోనే సిఫారసు చేసింది. 1973 కోడ్ వచ్చేసరికి దాని పేరే లేకుండా పోయింది. మన విషయానికి ఇంతకంటే ముఖ్యమైనది 1952 చట్టం. లంచం కేసులకు స్పెషల్ జడ్జీలను పెట్టింది అదే. ఆ కోర్టు జ్యూరీ లేకుండా విచారించే సెషన్స్ కోర్టు అని అందులోనే రాశారు. అంటే, దొంగను పట్టి చూపమని ప్రజలను పిలవాల్సిన కేసుల్లోనే, జ్యూరీ ఇంకా బతికుండగానే, ప్రజలను బయటికి పంపారు.

ఆస్తి ఉన్నవాళ్ల జ్యూరీ చెడ్డదని మొత్తం జ్యూరీనే వదులుకోవాలా? అమెరికా నల్లవాళ్ల అనుభవం వేరే సంగతి చెబుతుంది. మిసిసిపీలో 1955లో పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ను చంపినవాళ్లను పన్నెండు మంది తెల్ల మగవాళ్లు 67 నిమిషాల్లో వదిలేశారు. అదే రాష్ట్రంలో 1963లో మెడ్గర్ ఎవర్స్‌ను చంపిన బెక్‌విత్ విషయంలో 1964లో రెండుసార్లు పూర్తిగా తెల్లవాళ్ల జ్యూరీ ఏ తీర్పూ తేల్చలేకపోయింది. 1994లో ఎనిమిది మంది నల్లవాళ్లున్న జ్యూరీ అతన్ని దోషి అంది. కొత్త సాక్ష్యాలు కొన్ని వచ్చాయి, కాదనం. కానీ కుర్చీల్లో మనుషులు మారారన్నదీ అంతే నిజం. ఊరికే మారలేదు, ఓటు కోసం నెత్తురు కారితే మారారు.

ఇక అవినీతి. మనవాళ్ల దృష్టిలో అదేమిటి? స్కాలర్‌షిప్పు రాకపోవడం, అసైన్డ్ భూమి ఇంకొకడి పేర పట్టా కావడం, లోను కోసం దళారీకి ముందే చెల్లించడం. ఢిల్లీలో కామన్వెల్త్ ఆటలకు షెడ్యూల్డ్ కులాల నిధులు మళ్లాయని 2010లో హోంమంత్రే రాజ్యసభలో ఒప్పుకున్నాడు. దాన్ని మళ్లింపు అన్నారు, దొంగతనం అనలేదు. పేరు మారిస్తే కేసే ఉండదు, జ్యూరీ ముందుకు వచ్చేదేముంది? కేసయినా, 1947 చట్టంలోనూ 1988 చట్టంలోనూ ఉద్యోగి మీద విచారణకు ప్రభుత్వ అనుమతి కావాలి. 2018లో దర్యాప్తు మొదలుపెట్టడానికి కూడా అనుమతి పెట్టారు. తాళం వేసింది కోర్టు గుమ్మానికి కాదు, అంతకు ముందున్న వాకిలికి. కేసు నడవాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ ఒకప్పుడు మద్రాసు, కలకత్తా, బొంబాయి పట్టణాల్లో ఉండేది, 1865లో తీసేశారు. ప్రజలను ఎక్కడైనా కూచోబెట్టాలనుకుంటే మొదట అక్కడ కూచోబెట్టమంటాం మేం.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపాక దళితులు జ్యూరీ అడగలేదు. కోర్టును తమ ఊరికే తెమ్మన్నారు, తెప్పించుకున్నారు. 2007లో ఆ స్పెషల్ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. విచారణ జనం కళ్లముందు జరిగితే ఏమవుతుందో, దూరంగా కాగితాల మీద జరిగితే ఏమవుతుందో అక్కడివాళ్లను అడగాలి.

కాబట్టి జ్యూరీ కావాలనే మిత్రులతో మాట్లాడాల్సిన విషయాలు ఇంకా ఉన్నాయి. పేర్లు ఓటర్ల జాబితా నుంచి లాటరీలో రావాలి, ఆస్తీ చదువూ అడగకూడదు. వాడ నుంచీ ఆడవాళ్ల నుంచీ ఇంతమంది అని ఖాయం చెయ్యాలి. కోర్టులో కూచున్న రోజులకు కూలి ఇవ్వాలి, లేకపోతే మొదట తప్పుకునేది కూలివాడే. ఇంకొకటి. సర్పంచ్ మీద కేసులో జ్యూరీకి వచ్చిన మనిషి ఆ సర్పంచ్ అన్న పొలంలోనే నాట్లు వేసేవాడయితే, తీర్పు చెప్పిన సాయంత్రం ఊళ్లోకి ఎట్లా వెళ్తాడు?