ఏడీహెచ్‌డీ: వయోజన స్త్రీలలో

ఏకాగ్రత కుదరకపోవడం, తొందరపాటు, స్థిమితం లేకపోవడం లక్షణాలుగా బాల్యంలోనే మొదలయ్యే నాడీవికాస రుగ్మత. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో దీన్ని అవధాన లోపంగా గుర్తించి, 1987లో ఇప్పటి పేరు (అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్) పెట్టింది. ఆ సంస్థ మానసిక రుగ్మతల నిర్ధారణకు 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 గ్రంథం ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్లలోపు కనిపించి ఉండాలి.

తరగతిలో అల్లరిచేసే పిల్లవాడు టీచరు కంట పడతాడు. పాఠం వింటూనే ఎటో వెళ్లిపోయే ఆడపిల్లను పరధ్యానం మనిషి అని వదిలేస్తారు. అందుకే చాలామంది స్త్రీలకు పెద్దయ్యాక, కొన్నిసార్లు తమ బిడ్డకు పరీక్షలు చేయించినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. అప్పటిదాకా ఆందోళనకో కుంగుబాటుకో మాత్రమే మందులు వాడుతుంటారు. పొయ్యి మీద పాలు మరిచిపోవడం, కరెంటు బిల్లు గడువు దాటిపోవడం, సగంలో ఆగిన పనులు: ఇంట్లో అన్నీ ఆడవాళ్లే గుర్తుపెట్టుకోవాలనే చోట ఇవన్నీ బద్ధకం కింద జమ అవుతాయి. ఇది అన్యాయం. ఇష్టమైన పనిలో వీళ్లే గంటల తరబడి మునిగిపోగలరు.

ఈస్ట్రోజన్ తగ్గే నెలసరి ముందు రోజుల్లో, మెనోపాజ్ దశలో లక్షణాలు ముదురుతాయని చాలామంది చెబుతారు.

రక్తపరీక్షతోనో స్కానింగుతోనో ఏడీహెచ్‌డీ తేలదు. సైకియాట్రిస్టు బాల్యం నుంచి వివరాలు అడిగి నిర్ధారిస్తారు. మిథైల్‌ఫెనిడేట్, అటామాక్సెటిన్ వంటి మందులు, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఉపకరిస్తాయి. గర్భం దాల్చాలనుకునేవారు మందుల సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి.