గుదైబియాలో మన ఇల్లు ఎక్కడ?

శుక్రవారం కదా, పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. తీరికగా చదవండి.

మొన్న మా రూంలో ఒక అన్నకు ఊరి నుంచి అల్లుడు ఫోన్ చేసిండు. "మామా, ఇరవై ఏండ్ల సంది బహ్రెయిన్‌ల ఉన్నవు, ఆడ ఒక ఇల్లు కొనుక్కోలేదా? అమెరికా పోయినోళ్లు ఐదేండ్లకే కొంటున్నరు" అన్నడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. ఆరుగురం నవ్వినం. కానీ లైటు ఆర్పినంక ఎవ్వరికీ నిద్ర రాలేదు. నిజమే, ఎందుకు కొనలేదు?

ఈ గడ్డ మీద మన దేశపోళ్లు కొత్త కాదు. సింధ్‌లోని థట్టా నుంచి వచ్చిన భాటియా వ్యాపారులు ముత్యాల కాలంలోనే మనామాలో స్థిరపడ్డారు. మనం దండం పెట్టుకునే శ్రీనాథ్‌జీ గుడి వాళ్లదే, రెండొందల ఏండ్లు దాటింది. వాళ్లు వ్యాపారం కోసం వచ్చారు, ఇండ్లూ దుకాణాలూ పెట్టుకుని తరాలుగా ఉన్నారు.

1932లో ఇక్కడ చమురు పడ్డది. గల్ఫ్‌లో అరబ్బుల వైపు మొదటి చమురు బావి ఇదే. కంపెనీ అవాలీ అనే టౌన్ కట్టింది, ముఖ్యంగా అమెరికా, బ్రిటిష్ ఉద్యోగుల కోసం. మన దేశం నుంచి వచ్చిన పనోళ్లకు వేరే బస. అంటే ఎవరికి ఇల్లు, ఎవరికి మంచం అన్న లెక్క అప్పుడే మొదలైంది.

అప్పట్లో ఇక్కడ మన రూపాయే నడిచేదని చాలామందికి తెల్వదు. 1959లో గల్ఫ్ కోసం వేరే రూపాయి వచ్చింది. 1965లో దినార్ వచ్చినప్పుడు పది రూపాయలకు ఒక దినార్ ఇచ్చారు. ఇప్పుడు దినార్ రెండొందల రూపాయలు దాటింది. 1971లో బహ్రెయిన్ స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది కూడా ఆగస్టు 15నే, మన పంద్రాగస్టు రోజే.

1973 తర్వాత చమురు ధర పెరిగింది, కట్టుడు పనులు పెరిగినయి. ముందు మలయాళీలు, వెనుక మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలోళ్లు వచ్చారు. మనం వచ్చింది వీసా మీద. వీసా కంపెనీది, రూం కంపెనీది. పని పోతే రెండూ పోతయి. అసుంటోడు ఇల్లు గురించి ఏం ఆలోచిస్తడు?

ఆ రూంలు ఎట్లుండేవో గుదైబియా పాతోళ్లకు యాదికుంటది. 2006 జూలైలో ఇక్కడే కార్మికులు ఉండే బిల్డింగ్ అంటుకుని 16 మంది మన దేశపోళ్లు చనిపోయారు. ఇప్పటికీ మేము కొత్త రూం చూస్తే మొదట ఏసీ చూడం, బయటికి ఇంకో దారి ఉందా అని చూస్తం. మీరూ చూడండి.

బయటి దేశపోళ్లు ఇల్లు కొనుక్కోవచ్చని 2001లో చట్టం వచ్చింది. ఏ ఏ ఏరియాల్లో కొనొచ్చో 2003లో తేల్చారు: జుఫైర్, సీఫ్, అమ్వాజ్ లాంటివి. జుఫైర్ మనకు నడిచిపోయేంత దూరమే. ఆ టవర్లకు ఇనుము కట్టింది, టైల్స్ వేసింది, రంగు కొట్టింది మనమే. 2022లో గోల్డెన్ రెసిడెన్సీ పెట్టినప్పుడు ఇల్లు మీద తీసుకోవాలంటే రెండు లక్షల దినార్ల విలువ ఉండాలన్నారు. నెలకు 120 దినార్ల జీతగాడు ఒక్క ఫిల్స్ ఖర్చు పెట్టకుండా దాచినా 138 ఏండ్లు దాటుతది. అల్లుడికి ఇదే లెక్క చెప్పినం. "ఆగు మామా" అని ఫోన్ పెట్టేసిండు.

మరి మనం ఇల్లు కొనలేదా? కొన్నం, కట్టినం. ఊళ్లో. రెండంతస్తులు, ముందర గ్రానైట్, గేటుకు పేరు. రూంలోని ఆ అన్న ఇల్లు కట్టి పదకొండేండ్లు. అండ్ల ఆయన పండుకున్నది, సెలవులన్నీ కలిపినా, ఏడాది కూడా కాదు. పైగా స్థలం తమ్ముడి పేరు మీద ఉంది. ఇప్పుడు ఆ తమ్ముడు "ఇద్దరిదీ" అంటున్నడు.

అందుకే ఒక మాట. మన దేశ చట్టం ప్రకారం ఎన్నారైలు ఇల్లు, ఇండ్ల జాగ తమ పేరు మీద కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనరాదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. చాలామంది ఇది తెల్వక అన్నీ వేరేటోళ్ల పేరు మీదనే రాయిస్తున్నరు. ఇక్కడ మన పేరు మీద గోడ లేదు. కనీసం అక్కడన్న ఉండాలె. మీ పేరు, మీ ఇంటామె పేరు కలిపి రిజిస్ట్రేషన్ చేయించండి. పైసలు పంపిన రసీదులు దాచిపెట్టండి.

మీ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ఈ రాత్రి ఫోన్ చేసి అడగండి. జరిగిన ముచ్చట కింద రాయండి, పది మందికి పనికొస్తది.