ఆకస్మికత అనే కొలమానం: భర్తృహత్య, నేర బాధ్యత, కిరణ్‌జీత్ అహ్లువాలియా కేసు

భర్త భార్యను చంపడం, భార్య భర్తను చంపడం ఇంగ్లండు న్యాయశాస్త్రంలో చాలాకాలం ఒకే నేరం కాదు. 1351 నాటి రాజద్రోహ శాసనం ప్రకారం భర్తను చంపిన భార్య చేసింది హత్య మాత్రమే కాదు, చిన్న రాజద్రోహం కూడా. యజమానిని చంపిన సేవకుడిని కూడా ఆ శాసనం ఇదే కోవలో చేర్చింది. స్త్రీకి సజీవ దహనం శిక్షగా ఉండేది. 1790లో ఆ శిక్షనూ, 1828లో ఆ ప్రత్యేక నేరాన్నీ తొలగించారు. శాసనం పోయినంత మాత్రాన దాని వెనుక ఉన్న చూపు పోలేదు.

శిక్షను తగ్గించే పరిస్థితుల చరిత్రలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. హత్యానేరాన్ని నరహత్యకు తగ్గించగల ప్రకోపనాలను 1707లో మాగ్రిడ్జ్ కేసులో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ వర్గీకరించాడు. భార్యతో మరొకడు ఉండగా చూసిన భర్త కోపం అందులో ఉంది. పరస్త్రీగమనాన్ని ఆయన ఆస్తిపై జరిగిన దాడుల్లోకెల్లా పెద్దదిగా భావించాడు. ఏళ్లతరబడి దెబ్బలు తిన్న భార్యకు ఆ పట్టికలో చోటు లేదు. ఆ పట్టికలోని కోపం చూసిన క్షణంలోనే చేతిలోకి వచ్చే కోపం. ఎదుటివాడితో సమానమైన దేహబలం ఉన్నవాడి కోపం.

ఈ కాలపరిమితికి ఖచ్చితమైన రూపం ఇచ్చింది 1949 నాటి డఫీ తీర్పు. ఆత్మనిగ్రహం ఆకస్మికంగా, తాత్కాలికంగా కోల్పోతేనే ప్రకోపనమని న్యాయమూర్తి డెవ్లిన్ జ్యూరీకి ఇచ్చిన నిర్దేశాన్ని అప్పీలు కోర్టు ఆమోదించింది. దీర్ఘకాలపు క్రూరత్వం ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది కనుక అది ప్రతీకారానికే దారి చూపుతుందని ఆ తర్కం. డఫీ కేసులో ముద్దాయి భర్త హింస భరించిన భార్యే. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలపాటు అలాంటి స్త్రీలకు అడ్డుగా నిలిచిన సూత్రం అలాంటి స్త్రీ విచారణలోనే పుట్టిందన్న విషయం పాఠ్యగ్రంథాల్లో తరచూ మరుగున పడిపోతుంది.

పంజాబులో పుట్టి, 1979లో వివాహమై ఇంగ్లండు చేరిన కిరణ్‌జీత్ అహ్లువాలియా పదేళ్లు ఆ హింసను అనుభవించింది. 1989 మే నెలలో ఒక రాత్రి భర్త కాలిన ఇస్త్రీపెట్టెను ఆమె ముఖానికి ఆనించాడు. అతడు నిద్రపోయాక, కొద్దిరోజుల ముందే కొని ఉంచిన పెట్రోలును పడకగదిలో పోసి ఆమె నిప్పంటించింది. కాలిన గాయాలతో అతడు కొన్నాళ్లకు మరణించాడు. అదే ఏడాది డిసెంబరులో లూయిస్ క్రౌన్ కోర్టు ఆమెకు హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష విధించింది. విచారణలో ఆమె సాక్ష్యం చెప్పలేదు. ఆమెకు తీవ్ర మానసిక కుంగుబాటు ఉందని చెప్పే వైద్య నివేదిక అప్పటికే ఉన్నా, దాన్ని వాదనకు వాడుకోలేదు.

సాహిత్య పరిశోధకులు ఈ కేసులో ఎక్కువసేపు ఆగవలసింది ఒక ఉత్తరం దగ్గర. ఇల్లు విడిచి వెళ్లిన భర్తకు ఆమె రాసిన ఆ లేఖను 1992 తీర్పులో ప్రస్తావించారు. నల్ల కాఫీ తాగనని, పచ్చిమిర్చి తిననని, జుట్టుకు రంగు వేసుకోనని, పొరుగింటికి వెళ్లనని, స్నేహితులను వదులుకుంటానని ఆమె అందులో మాట ఇచ్చింది. ఒక్క దెబ్బ ప్రస్తావన లేకుండానే పదేళ్ల దాంపత్యం ఆ జాబితాలో బయటపడుతుంది. నిద్రలేని ఒక రాత్రిని కాక ఆ జాబితాను చదవగలిగితేనే ప్రకోపనం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఉద్యమం వెంట నిలవగా అప్పీలు విచారణకు వచ్చింది. 1992 జులై తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టేలర్ ప్రకోపన వాదాన్ని అంగీకరించలేదు. జాప్యం దానికదే వాదాన్ని తోసిపుచ్చదని ఒప్పుకుంటూనే, వ్యవధి పెరిగేకొద్దీ అది ఉద్దేశపూర్వక చర్యగా కనిపించే అవకాశం పెరుగుతుందన్నారు. అప్పీలు నెగ్గింది మరో దారిలో: 1957 నరహత్యా చట్టంలోని క్షీణించిన మానసిక బాధ్యత కింద. పునర్విచారణకు ఆదేశించారు; సెప్టెంబరులో నరహత్యగా అంగీకరించి, అప్పటికే గడిపిన మూడేళ్ల నాలుగు నెలలనే శిక్షగా లెక్కించారు.

ఆమె విడుదల న్యాయమే. అయితే కోర్టు ఆమెను విడిచింది ఆమె కోపం అర్థమై కాదు, ఆమె మనస్సు రోగగ్రస్తమైందని. భర్త కోపానికి కారణం చాలు, భార్య కోపానికి వైద్య ధ్రువపత్రం కావాలి. హోల్ట్ పట్టికకూ ఈ తీర్పుకూ మధ్య రెండువందల ఎనభై ఐదేళ్లు గడిచాయి.

ఇంగ్లండు 2009 చట్టంతో ఈ దారి మార్చుకుంది. నిగ్రహం కోల్పోవడం ఆకస్మికంగా జరిగి ఉండనక్కర్లేదని చెప్పడమే కాక, లైంగిక విశ్వాసఘాతుకాన్ని అందుకు ప్రేరకంగా లెక్కించరాదనీ నిర్దేశించింది.

భారతదేశానికి ఈ సూత్రం 1860 శిక్షాస్మృతి 300వ సెక్షను మొదటి మినహాయింపుగా వచ్చింది: ప్రకోపనం తీవ్రమూ ఆకస్మికమూ కావాలి. 1961లో నానావతి తీర్పు ముందరి సంఘటనలు కల్పించిన మానసిక నేపథ్యాన్ని గమనించవచ్చని ఒప్పుకుంది. కానీ గడిచిన గంటల్లో ఉద్రేకం చల్లారిందని నిర్ణయించింది. పిల్లలతో బావిలో దూకి బతికిన ఒక తల్లి కేసులో 1989లో మద్రాసు హైకోర్టు దీర్ఘకాలిక ప్రకోపనాన్ని గుర్తించింది. శాసనపాఠం మాత్రం కదలలేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ మినహాయింపు 101వ సెక్షనుకు మారింది. ఆకస్మికమన్న మాట అక్కడా ఉంది.