రెండు పాసుపుస్తకాలు

నా పుట్టిల్లు బందరు, మెట్టినిల్లు సంగారెడ్డి. మా బీరువాలో రెండు పాత పాసుపుస్తకాలున్నాయి. ఒకటి పెళ్లినాడు అమ్మ నా చేతిలో పెట్టిన ఆంధ్రా బ్యాంకుది. రెండోది, పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మావారి జీతం పడిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌ది. ఇప్పుడా రెండు బోర్డులూ లేవు. 2017 ఏప్రిల్ 1న హైదరాబాదు బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలోనూ, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ కలిసిపోయాయి. పెళ్లయ్యాక ఆడపిల్ల ఇంటిపేరు మారినట్టే! అయితే ఈ ఇద్దరి పుట్టిళ్లూ వేరువేరు.

కృష్ణా ఆనకట్ట పుణ్యమా అని, కాలువల కింద వరి పండి నాలుగు డబ్బులు మిగిలిన జిల్లా మాది. ఆ డబ్బుకి మన బ్యాంకంటూ ఒకటుండాలని 1923లో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. వాటాలు కొన్నవాళ్ల నమ్మకమే దానికి పునాది.

ఇక్కడి కథ వేరు. నిజాం రాజ్యానికి సొంత రూపాయే ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిషు రూపాయిని కల్దారు అనేవారు. ఏడు హాలీ రూపాయలిస్తే సుమారు ఆరు కల్దార్లు వచ్చేవి. సొంత డబ్బున్న సర్కారుకి దాన్ని చూసుకునే బ్యాంకు కావాలి కదా! 1941లో చట్టం చేసి, 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తెరిచారు. పెద్ద వాటా సర్కారుదే. అక్కడ జనం కూడి బ్యాంకు పెట్టుకుంటే, ఇక్కడ సర్కారు పెట్టి జనాన్ని రమ్మంది. సర్కారు అవసరానికి పుట్టడం తక్కువేమీ కాదు లెండి. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పుట్టింది కూడా రాజుగారి యుద్ధానికి అప్పు పుట్టించడానికే.

తమాషా ఏమిటంటే, తర్వాత ఇద్దరూ ఒకే గూటికి చేరారు. నిజాం సర్కారు బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు చేతికి, 1959లో స్టేట్ బ్యాంకు చేతికి వచ్చింది. జనం పెట్టుకున్న ఆంధ్రా బ్యాంకుని 1980లో ప్రభుత్వమే జాతీయం చేసింది.

మొన్న బీరువా సర్దుతూ ఇదంతా మా అత్తయ్యకి చెప్పాను. ఆవిడ నవ్వి, "మా నాయనమ్మ హాలీ రూపాయలు కుండల వెట్టి పొయ్యి పక్కన పాతిపెట్టేదమ్మా. సిక్కా బందయినంక తవ్వి తీస్తే, వెండి ధరకు అమ్ముకోవాల్సొచ్చింది. ఆమెకు ఏ బ్యాంకూ తెల్వదు" అంది.

నాకు నోట మాట రాలేదు. బందరులో మా ముత్తవ్వ కూడా డబ్బు బియ్యం డబ్బాలోనే దాచేదట. మగవాళ్లు వాటాలు కొన్న ఆ ఊళ్లోనే!

పాసుపుస్తకాలు రెంటినీ మళ్లీ బీరువాలోనే పెట్టాను. రెండింటి మీదా ఉన్నది ఆడవాళ్ల పేరు కాదని అప్పుడు చూశాను. అమ్మ ఇచ్చిన దాని మీద నాన్న పేరు, రెండోదాని మీద మావారి పేరు. మర్నాడే అత్తయ్యని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్లాను, ఆవిడ పేరున ఖాతా తెరిపించడానికి.