గొలుసుకట్టు చెరువులు – ఆకేటి వరద

ఏటి యొడ్డున బుట్టినవాడు ఏటికి భయపడడు. భయము లేకుండుట వేరు, ఎరుక గలిగియుండుట వేరు. ఈ భేదమును మఱచినందున మన పల్లెలలో వానకాలమున నిండు ప్రాణములు పోవుచున్నవి. నర్సింహులపేట ప్రాంతమున బాఱు ఆకేరు వేసవిలో ఇసుక మేటలతో ఎండియుండును. పశువులును మనుష్యులును దాని నడుమనే నడచిపోవుదురు. ఆ యేరే శ్రావణ భాద్రపదములలో ఒక్క రాత్రిలో గట్లు దాటును. హిమదేశములలో వసంతమున మంచు గరగి వరదలు వచ్చును. అచ్చటివారు కొండలపై మంచును గొలిచి రాబోవు వరదను ముందుగా అంచనా వేయుదురు. మన చిన్న యేళ్లకు అట్టి గడువు లేదు. వాన కురిసిన కొన్ని గంటలకే వెల్లువ వచ్చును. కావున మన జాగ్రత్త వానకు ముందే జరుగవలయును.

ఈ సంగతి మన పూర్వు లెఱుగుదురు. 13వ శతాబ్దిలో, కాకతి గణపతిదేవుని కాలమున, పాకాల చెరువును రామప్ప చెరువును వెలసినవి. వానితోపాటు ఈ సీమలో ఊరూర చెరువులు ఏర్పడినవి. ఎగువ చెరువు నిండి మత్తడి దూకిన నీరు కాలువ వెంట దిగువ చెరువును జేరును; అదియు నిండిన పిదప మఱియొక చెరువునకు, తుదకు ఏటికి బోవును. దీనినే గొలుసుకట్టు అందురు. ఇందు కట్ట నీటిని నిలుపును, తూము పొలమునకు విడుచును, మత్తడి మిగులు నీటిని సాగనంపును. మొదటి రెండింటివలన పంట పండును. మూడవదానివలన ఊరు బ్రదుకును.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు వేయించినది. అందు చెరువునకు 12 అంగములును 6 దోషములును చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట యొక దోషము. చోటు తక్కువయై నీరు మిక్కుటమగుట మఱియొక దోషము. నేడు మనము చెరువు శిఖమున ఇండ్లు కట్టుకొనుచున్నాము. మత్తడి కాలువను పూడ్చి మడి చేయుచున్నాము. పూర్వులు దోషమని రాతిపై జెక్కించినదానిని మనము చేతులార తెచ్చుకొనుట గాక ఇది మఱేమి?

గొలుసు తెగినచో నేమగునో 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరము చూచినది. మూసీనది పొంగి సుమారు 15 వేలమందిని బొట్టన బెట్టుకొనెనని చెప్పుదురు. పిదప నగర రక్షణకై పిలువబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువన గల 788 చెరువులలో 221 చెరువులు తెగినవని తెలిపిరి. ఒక చెరువు తెగిన నీరు క్రింది చెరువుపై బడును. రెండింటి నీరును మూడవదానిపై బడును. ఊరిని బోషించు గొలుసే ఊరిని ముంచు గొలుసగును. ఆ యనుభవమునుండియే 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి. రాజధాని మునిగినప్పుడు ఇంజనీరు వచ్చెను. పల్లె మునిగినప్పుడు వచ్చునది యెవరు?

మన చెంతకే వత్తము. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఆ నెల 27న భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లెను మోరంచవాగు ముంచెత్తగా జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. అందఱికిని ఆ భాగ్యము లేకపోయెను. 2024 సెప్టెంబరు 1న ఆకేరును మున్నేరును ఒక్కసారి పొంగినవి. మరిపెడ మండలము పురుషోత్తమాయగూడెము వంతెనకడ కారులో బోవుచున్న తండ్రియు కూతురును ఆకేటి పాలైరి. కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను. దిగువన ఖమ్మము పట్టణమున ఇండ్లు మునిగెను.

ఇంతటి వానకు ఏ కట్ట నిలుచును, ఇది దైవికము గదా యని కొంద ఱనవచ్చును. వాన దైవికమే, వంతెనపై నీరు పాఱుచుండగా బండి నడుపుట దైవికము గాదు. మోకాటి లోతు లేని వెల్లువయు మనుష్యుని పడద్రోయును. రెండడుగుల నీరు కారును తేల్చివేయును. పంట పోయిన మరల పండించుకొనవచ్చును. పోయిన ప్రాణమును ఏ పరిహారమును దేజాలదు.

2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువులలో పూడిక దీయించినది. అది మంచి పని. కాని పూడిక దీసిన చెరువునకును కాపు కావలయును. పూర్వము ఊరికి నీరడి యుండెడివాడు. మళ్లకు నీరు పాఱించుటయు, కట్టను కనిపెట్టుటయు వాని పని. ఆ కన్ను మూతపడిన చోట మఱియొక కన్ను తెఱువవలయును. మృగశిర కార్తెకు ముందే ప్రతి గ్రామసభయు కట్టను నడచి చూడవలయును. మత్తడి దారిలోని యడ్డులను, అవి యెంతటి పెద్దలవైనను, తొలగింపవలయును. ఎగువ చెరువు మత్తడి దూకిన వార్త ఆ క్షణముననే దిగువ యూరికి ఫోనున జేరవలయును. రాత్రియైనను అచ్చట దండోరా మ్రోగవలయును. వంతెన మునిగిన వెంటనే రెండు గట్లను త్రోవకు అడ్డుకట్ట పడవలయును.

ఒక యూరి కట్ట ఆ యూరి సొత్తు మాత్రమే కాదు. దాని క్రింద నున్న ఊళ్లన్నిటి ప్రాణము దానిపై నున్నది. నీటిని నిలుపుట మన పెద్దలు మనకు నేర్పిరి. నీటికి దారి విడుచుటయు వారే నేర్పిరి. మనము మొదటి పాఠమును జ్ఞాపకముంచుకొని రెండవదానిని విడిచితిమి. వచ్చు వానకాలమునకు ముందే దానిని మరల జదువుకొందము.