మూత లేని పెట్టె

పామును పెంచే పెట్టెకి మూత ఉండదట. ఈ ముక్క చెవిన పడ్డాక కొన్నాళ్ళు నాకు వేరే ధ్యాస లేదు.

అమెరికాలోనూ యూరప్‌లోనూ పాముల్ని పెంచి అమ్మేవాళ్ళ గదుల్లో నేల నుంచి కప్పు దాకా అరలుంటాయి. వాటిని ర్యాక్ అంటారు. అరకొక ప్లాస్టిక్ టబ్, టబ్బుకొక పాము. టబ్బుని బయటికి లాగొచ్చు, లోపలికి తొయ్యొచ్చు. మూత మాత్రం లేదు. పై అర అడుగు చెక్కే కింది టబ్బుకి మూత. టబ్బు అంచుకీ ఆ చెక్కకీ మధ్య సందు పాము తల మందం కన్నా తక్కువుంటే చాలు. ఒళ్ళు నొక్కితే అణుగుతుంది గానీ పుర్రె అణగదు. తల పట్టని చోట పాము పట్టదు. ఇంత చిన్న లెక్క మీద వేల డాలర్ల వ్యాపారం నడుస్తోంది.

దీన్ని మొదట కనిపెట్టిందెవరని వెతకబోతే ఒక్క పేరు మీద నిలబడేట్టు లేదు. పామును చీకటిగా, ఇరుగ్గా, చౌకగా దాచే ఉపాయం ఎవరి అవసరం కొద్దీ వాళ్ళకి తట్టింది.

మా కురిచేడు వైపు పామును పెట్టెలో పెట్టడమంటే అందరికీ గుర్తొచ్చేది పాములవాడి బుట్టే. వెదురు బద్దలతో జానెడు లోతున గుండ్రంగా అల్లి, సందులు పూడేట్టు పేడతో మెత్తి ఎండబెట్టిన బుట్ట. మూత మీద పాత గుడ్డ, దానికో ముడి. కావిడి బద్దకి రెండు వైపులా ఇలాంటి బుట్టల దొంతర. కింది బుట్ట మూత మీదే పై బుట్ట కూర్చునేది. పెద్ద బుట్టలో తాచు, చిన్నవాటిలో జెర్రిపోతు పిల్లలు, అడుగున ఎక్కడో ఒక కొండచిలువ. ర్యాక్‌లో ఉన్న తెలివిలో సగం ఈ కావిడిలోనే ఉంది. బుట్టలో చీకటి గనక పాము కదలదు. మూత తీసి మెల్లగా ఒక దెబ్బ వేస్తే వెలుతురుకి బెదిరి పడగ విప్పుతుంది. దాని కళ్ళు ఆ తర్వాత బూర ఊపును పట్టుకుని తిరుగుతాయి. చూసేవాళ్ళేమో పాటకి ఆడుతోందనుకునేవాళ్ళు.

ఎడ్గర్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా అచ్చేసిన దక్షిణాది కులాల, తెగల పుస్తకంలో పాములాడించే తెలుగు జోగుల ప్రస్తావన ఉంది. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల ఎ-గ్రూపు జాబితాలో ‘పాముల’ అనే కులం ఇప్పటికీ ఉంది. కావిళ్ళే కనబడవు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పామును బుట్టలో పెట్టుకు తిరగడం నేరమైంది. పోయిన కళ అని కొందరు కన్నీళ్ళు పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. కోరలు విరగ్గొట్టి, కొన్నిచోట్ల మూతి కుట్టేసి, నాగులచవితికి ముందు నీళ్ళివ్వక ఎండగట్టి, దప్పిక పట్టలేక పాలు తాగితే మహిమని చూపిన కళ అది. పోతే పోయింది. ఏ పాము ఏ వేళకి ఏ గట్టున తిరుగుతుందో, పాము బొరియకీ ఎలుక బొరియకీ తేడా ఏమిటో వాళ్ళకి తెలిసిన సంగతులు కూడా బుట్టతో పాటే పోయాయి. నా దిగులల్లా దానికి. ఆ తెలివిని బతికించాలని చట్టం రాసినవాళ్ళకి తోచలేదు.

ఇక్కణ్ణించి రెండొందల ఏళ్ళు వెనక్కి, విశాఖపట్నానికి. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు 1781లో, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తమ్ముడు క్లాడ్ వెంట అక్కడికొచ్చాడు. 1785లో కోనిగ్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు చనిపోతే మద్రాసు ప్రభుత్వం ఆయన స్థానంలో రస్సెల్‌ని పెట్టుకుంది. పాముకాటు చావులు ఆయన్ని పట్టుకున్నాయి. ఏ పాముకి విషముందో ఏ పాముకి లేదో తేల్చడానికి కోళ్ళనీ కుక్కల్నీ కరిపించి చూశాడు. తంజావూరు మాత్ర అని అప్పట్లో పేరు మోసిన విరుగుడునీ పరీక్షకి పెట్టాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకం నిండా రంగు బొమ్మలు, వాటి పక్కన ఇంగ్లీషు లిపిలో మన పేర్లు: కాటుక రేకుల పొడ, పెద్ద పొడ, బంగారు పాము. కట్లపాము జాతికి శాస్త్రంలో ఉన్న ‘బంగారస్’ అన్న పేరు ఆ చివరి దాన్నుంచే వచ్చింది. కాటుక రేకుల పొడ అంటే రక్తపింజరి. దానికి ప్రపంచమంతా రస్సెల్ పేరే పెట్టుకుంది. ఆ పేర్లు చెప్పిన తెలుగువాళ్ళ పేర్లు మాత్రం ప్రపంచానికి తెలియవు.

కాటు పరీక్ష దాకా పామును బతికించుకోవాలి, ఆ తర్వాత లండన్ పంపాలి. పంపేందుకు ఆ రోజుల్లో అన్నిటికన్నా చౌకైన పెట్టె సారా సీసా. మేత పెట్టక్కర్లేదు, తప్పించుకోదు. రస్సెల్ పాములు కొన్ని ఈనాటికీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.

బతికున్న పామును జనానికి చూపించాలన్న సరదా ఇంగ్లండుకి కొంత ఆలస్యంగా పుట్టింది. లండన్ జూ 1849లో పాములకోసమే ఒక ఇల్లు కట్టింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది అంటారు. గాజు ముందుండేది, వెనక తలుపులుండేవి, వేడికి ఏర్పాటుండేది. 1852 అక్టోబరులో ఎడ్వర్డ్ గర్లింగ్ అనే కాపరి రాత్రంతా తాగి పొద్దున్నే పనిలోకొచ్చి, సరదాకి తాచుని బయటికి తీశాడు. అది ముక్కు మీద కాటేసింది. ఆ పూటే పోయాడు. పెట్టె ఎంత గట్టిగా కట్టినా తలుపు తీసేవాడు మనిషే గదా. ఆ జూలో 1927లో తెరిచిన కొత్త పాముల ఇంటిని జోన్ ప్రోక్టర్ అనే ఆవిడ డిజైన్ చేసింది. ఒక్కో పెట్టెకి విడివిడిగా కరెంటు వేడి పెట్టింది. ఈనాటి ర్యాక్‌కి ఆవిడ దూరపు మేనత్త. ఆవిడ నుంచి ర్యాక్ దాకా మధ్యలో ఎక్కువగా గాజు పెట్టెలే గనక నేనక్కడ ఆగను.

ఎక్కువసేపు ఆగాలనుకునేది మద్రాసు పక్క ఊరు వడనెమ్మేలి దగ్గర. 1972 చట్టానికి ముందు ఇరుళ తెగవాళ్ళు పాముల్ని పట్టి తోళ్ళ వ్యాపారులకి అమ్మి బతికేవాళ్ళు. చట్టం, దాని వెనకే తోళ్ళ ఎగుమతి నిషేధం వచ్చి ఆ కూడు పోయింది. గిండీలో పాముల పార్కు పెట్టిన రోములస్ విటేకర్ ముందుకొచ్చి, 1978లో ఇరుళ పాముపట్టేవాళ్ళ పారిశ్రామిక సహకార సంఘం పెట్టించాడు. పామును చంపకుండా విషం తీసి మందుల కంపెనీలకి అమ్ముకునే సంఘం అది. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటినే అటవీ శాఖ లైసెన్సు మీద పడతారు.

ఆ పాముల్ని పెట్టేది మట్టికుండల్లో. పాకలో వరసలు వరసలుగా కుండలు. అడుగున ఇసుక, మూతికి నూలుగుడ్డ కప్పి చుట్టూ తాడు బిగిస్తారు. కుండ మీద పాము వివరం రాస్తారు. మట్టిలోంచీ గుడ్డలోంచీ గాలి ఆడుతుంది. మండుటెండలో లోపల చల్లగా ఉంటుంది. లోపల చీకటి. పగిలితే ఇంకొకటి కొనుక్కుంటారు. థర్మోస్టాట్ లేదు, కరెంటు బిల్లు లేదు. తాచు ఉన్న కుండ దగ్గరికి చెయ్యి పోనిస్తే గుడ్డ మీదికి లోపల్నించి బుస్సుమని ఊపిరి తగులుతుంది. మనిషి చేతిలో ఉన్నది కొసన వంకర తిరిగిన ఒక ఇనప చువ్వ. ముడి విప్పి కుండ వంచితే పాము దానంతటదే నేల మీదికి జారుతుంది. తోక పట్టి ఎత్తి, తల వెనక అదిమి, పొర బిగించిన గాజుపాత్ర అంచుని కరిపిస్తారు. పసుప్పచ్చ చుక్కలు రాలతాయి. వారానికోసారి చొప్పున ఇలా కొన్ని వారాలు తీసి, పొట్ట పొలుసుల మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. ఆ గుర్తున్న పాము మళ్ళీ వెంటనే దొరికితే పట్టరు.

ఆ విషమే పొడిగా మారి హైదరాబాద్ విన్స్ లాంటి కంపెనీల గుర్రాల ఒంట్లోకి వెళ్ళి, విరుగుడు మందై మన ప్రభుత్వాసుపత్రి ఫ్రిజ్‌లోకి వస్తుంది. 2000 నుంచి 2019 దాకా లెక్క తీసిన అధ్యయనం ప్రకారం మన దేశంలో పాముకాటుకి ఏటా సగటున 58 వేల మంది చనిపోయారు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. సాగర్ కుడి కాలవ కింద వరి కోతకి దిగే కూలీ ప్రాణానికీ వడనెమ్మేలి కుండకీ చుట్టరికం అలా కలిసింది. అదే సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ 2017లో ఫ్లోరిడా వెళ్ళి, అక్కడి చిత్తడి అడవుల్లో పెరిగిపోయిన బర్మా కొండచిలువల్ని పట్టిచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మన వైపు యానాదుల చేతిలోనూ ఇంత నేర్పు ఉంది. వాళ్ళకోసం ఇలాంటి సంఘం గురించి ఎవరైనా పట్టుబట్టి ఉంటే బాగుండేదని నాకెప్పుడూ ఉంటుంది.

ఫ్లోరిడా మాట వచ్చింది గనక మళ్ళీ అమెరికాకి వెళ్ళి ర్యాక్ కథ ముగిద్దాం. పెంపకంలో బాగా పేరు తెచ్చుకున్నది బాల్ పైథాన్. పడమటి ఆఫ్రికా పాము. మూడు నుంచి అయిదడుగులు, విషం లేదు, భయపడితే తల లోపల దాచుకుని ఉండ చుట్టుకుంటుంది. బాబ్ క్లార్క్ అనే అమెరికన్ 1992లో తెల్ల బాల్ పైథాన్‌ని ఇంట్లో పుట్టించాడు. రంగుల పిచ్చి అక్కడ మొదలైంది. ఈ రంగుని ఆ రంగుతో కలిపితే ఏం పుడుతుందోనని వందల పాములు కావలసొచ్చాయి. వంద గాజు పెట్టెలు పెట్టే చోటెక్కడ? చెప్పులూ దుప్పట్లూ దాచుకోవడానికి కొట్లో అమ్మే ప్లాస్టిక్ టబ్బులు అగ్గువ. వాటికి తగ్గట్టు అరలు కట్టేశారు.

రెడీమేడ్ ర్యాక్ వందల డాలర్లు పలుకుతుంది గనక చేతనైనవాళ్ళు సొంతంగా కట్టుకుంటారు. పద్ధతి చెబుతాను, వడ్రంగం తెలిసినవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. ముందు టబ్బు కొంటారు, తర్వాత చెక్క కోస్తారు. తిరగేసి చేస్తే సందు కుదరదు. నున్నటి పూత ఉన్న ప్లైవుడ్ అయితే తడి పీల్చదు. అర వెనక భాగంలో గాడి తీసి హీట్ టేప్ పరుస్తారు. టబ్బులో మూడో వంతు మాత్రమే వెచ్చగా, దగ్గర దగ్గర 32 డిగ్రీలుండాలి. మిగతా చోటు 25, 26. పాము తనకి కావలసిన వైపు జరుగుతుంది. గాలికి పక్కల్లో సోల్డరింగ్ ఐరన్‌తో రంధ్రాలు పెడతారు. ఖర్చు తగ్గించుకోబోయి థర్మోస్టాట్ మానేసినవాళ్ళ పాములు పొట్ట కాలి చచ్చాయి. అంతా చౌకగా కట్టొచ్చు, అది తప్ప. మా మార్కాపురం ఎండల్లోనైతే హీట్ టేప్ కన్నా ముందు చల్లబరిచే దారి వెతుక్కోవాలి.

ఇరుకు పాముకి ఇష్టమని ర్యాక్‌వాళ్ళ వాదన. సగం నిజమే. చుట్టూ గోడ తగులుతుంటే పాము నిశ్చింతగా ఉంటుంది. అయితే క్లిఫర్డ్ వార్విక్, ఆయన తోటివాళ్ళు 2019లో ప్రచురించిన పరిశీలనలో, చోటుంటే పాముల్లో కొన్ని ఒళ్ళంతా చాచి పడుకుంటాయని తేలింది. పెట్టె పాము పొడుగుకి తక్కువ ఉండకూడదని వాళ్ళ మాట. నా తీర్పు ఇంకో లెక్క మీద. ఇరుళ కుండ ఇరుకే, కానీ కొన్ని వారాలు. పాములవాడి బుట్ట పాము చచ్చేదాకా. బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్ళు బతుకుతుంది. దాని ఆయువంతా ఆ సొరుగులోనే. కొలవాల్సింది పెట్టె వెడల్పే కాదు, లోపల గడిపే రోజులు కూడా.

ఈ టబ్బులు మన దాకా వచ్చేశాయి. 2023 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి చెన్నై విమానాశ్రయంలో దిగిన ఒకావిడ సామానులో 22 పాములు, ఒక ఊసరవెల్లి దొరికాయి. ప్లాస్టిక్ డబ్బాల్లో.

ఇది చదివి ప్లైవుడ్ కొలతలు తీసుకుందామనుకునే కుర్రాళ్ళకి ఒక మాట. మన నేల మీది ఏ పామునీ, తాచు గానీ జెర్రిపోతు గానీ, ఇంట్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పదు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పామైనా 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. ముందు ఆ కాగితం, తర్వాత చెక్క. ఇక పొలం నుంచి మీ వసారాలోకి వచ్చిన పాముకి ఏ పెట్టె అక్కర్లేదు. దూరంగా నిలబడి అటవీ సిబ్బందికి కబురు పెట్టండి. కాటు పడితే కోత కొయ్యకండి, తాడు బిగించకండి, కాలూ చెయ్యీ కదపనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.